పరీక్షకు ముందే జరిగిపోయే ఎంపిక

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల సమయం. సగం మార్కులు బొమ్మల ప్రశ్నలవే: తేడాగా ఉన్న బొమ్మను గుర్తుపట్టడం, అద్దంలో రూపం ఎలా ఉంటుందో చెప్పడం, మడిచి కత్తిరించిన కాగితాన్ని విప్పితే ఎలా కనబడుతుందో ఊహించడం. ఆలోచించి తయారుచేసిన పరీక్షే. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు ఉంచారు. అయినా వికారాబాద్ జిల్లా యాలాల్ మండలంలో ఐదో తరగతి చదివే పిల్ల ఆ పరీక్ష గదిలో కూర్చోవాలంటే ముందు ఎవరికో ఒకరికి ఆమె పేరు తట్టాలి. నోటిఫికేషన్ వచ్చిందని ఇంట్లో తెలియాలి, హెడ్మాస్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్ తీసుకోవాలి, గడువులోగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. అసలు ఎంపిక ఇక్కడే జరిగిపోతోంది. ప్రశ్నపత్రం ఎంత నిష్పక్షపాతమైనదైనా, అది చేతికే అందని పిల్లల తెలివి గురించి ఏమీ చెప్పలేదు.

ఎవరి పేరు తడుతుంది? చేతిరాత బాగున్నవాళ్లది, అడగ్గానే జవాబు చెప్పేవాళ్లది, తల్లిదండ్రులు బడికి వచ్చి పలకరించిపోయేవాళ్లది. తాండూరు ప్రాంతపు తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకునే పిల్ల తరగతిలో తక్కువ మాట్లాడుతుంది. ఆ మౌనాన్ని మందబుద్ధి అనుకోవడం సులువు. ఇందులో టీచర్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని చెప్పే మనిషికి ఎదురుగా కనబడే చురుకుదనమే ముందు కనబడుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షదీ ఇదే దారి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలి మీద బతికే ఇంట్లో ఆ డబ్బు బిడ్డ చదువు ఆగకుండా నిలబెట్టగలదు. కానీ దానికీ ముందు ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవాలి, బడి నుంచి దరఖాస్తు వెళ్లాలి.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు బ్రోవర్డ్ కౌంటీ బడులు కూడా ఒకప్పుడు టీచర్లు, తల్లిదండ్రులు చెప్పిన పిల్లలకే ప్రతిభా పరీక్ష పెట్టేవి. 2005లో పద్ధతి మార్చి రెండో తరగతి పిల్లలందరికీ మాటలతో పనిలేని చిన్న వడపోత పరీక్ష పెట్టారు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, లారా జూలియానో 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రతిభా తరగతులకు ఎంపికయ్యే పేద పిల్లల శాతం రెండున్నర రెట్లు దాటింది. ప్రమాణాన్ని తగ్గించింది లేదు. కొత్తగా దొరికిన పిల్లలు పాత గీతనే దాటారు, అంతకుముందు వాళ్లను ఆ గీత దాకా తీసుకొచ్చినవాళ్లు లేరు, అంతే. తర్వాత బడ్జెట్ కోతల్లో ఆ వడపోత ఆగిపోయింది. పాత అంతరం తిరిగి వచ్చేసింది. ఈ రెండో సగమే నాకు ఎక్కువ బలమైన సాక్ష్యంగా తోస్తుంది.

మనకూ ఇలాంటి ఆలోచన కొత్తేమీ కాదు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ వేరే ప్రవేశ పరీక్ష పెట్టకుండా పదో తరగతి ఫలితాలనే ఆధారం చేసుకుంది. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపింది. పదో తరగతి ఎలాగూ అందరూ రాసేదే. ఎక్కడి నుంచి బయలుదేరి ఈ మార్కు దాకా వచ్చాడన్నది కూడా కొలతలో భాగమే అని ఒప్పుకున్న పద్ధతి అది. పదిహేనేళ్ల వయసులో ఒప్పుకున్న న్యాయం పదేళ్లప్పుడు ఎందుకు వర్తించకూడదు?

కాబట్టి ఐదో తరగతి పిల్లలందరికీ తమ బడిలోనే, దరఖాస్తు లేకుండా, బొమ్మల ప్రశ్నలతో అరగంట వడపోత పెట్టాలి. ముందు నిలిచిన పిల్లల నవోదయ, గురుకుల దరఖాస్తులను మండల విద్యాధికారి కార్యాలయమే పూర్తి చేయించాలి. వద్దనుకున్న తల్లిదండ్రులు వద్దని చెప్పవచ్చు. చిన్నపిల్లలకు మరో పరీక్షా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ర్యాంకులు ప్రకటించకూడదు, ఎవరికీ తెలివైనవాడు, కానివాడు అన్న ముద్ర వేయకూడదు. బొమ్మల ప్రశ్నలకూ కోచింగ్ ఉందంటారు, నిజమే. ఆ కోచింగ్ కొందరికే అందుతోంది గనుకే అందరికీ బడిలో నాలుగు రోజులు సాధన చేయించి పరీక్ష పెట్టాలి. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం సీట్లది. నవోదయలో ఆరో తరగతికి ఉండేవి 80 సీట్లే, ఎక్కువమందిని గుర్తించి ఏం చేస్తాం? 2024 డిసెంబరులో కేంద్రం మంజూరు చేసిన 28 కొత్త నవోదయల్లో తెలంగాణకు 7 వచ్చాయి, వాటిలో వికారాబాద్ పేరు లేదు. రేపు ఈ జిల్లా తన వాటా అడగాలన్నా, సీటు రాని పిల్లలకు ఉన్న బడిలోనే పైస్థాయి లెక్కలు చెప్పించాలన్నా, ఏ ఊళ్లో ఎంతమంది అర్హులున్నారో చూపే లెక్క చేతిలో ఉండాలి. జూన్‌లో బడులు తెరిచాక, నవోదయ గడువు ముగిసేలోపు, ఒక్క పూటలో దాన్ని మొదలుపెట్టవచ్చు.