నల్లమలను అడగకుండానే అనుమతులా?

సర్వేనే కదా, గని కాదు కదా అని సన్నాయి నొక్కులు నొక్కే పెద్దలకు ఒక్కటే ప్రశ్న. మీ ఇంట్లో దేవుని అర్రలో బోరు వేస్తామంటే ఊరుకుంటారా? నీళ్లు పడతాయో లేదో చూడటానికే అంటే సరేనంటారా?

2019 మే నెలలో జరిగింది ఇదే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల జాగ యురేనియం అన్వేషణకు కావాలని అణుశక్తి విభాగం దరఖాస్తు పెట్టింది. కావలసిన కాగితాలన్నీ రాకముందే కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనన్నది. మన నిరుద్యోగి దరఖాస్తులో ఒక్క సర్టిఫికెట్ తక్కువైతే చెత్తబుట్టలో వేస్తారు. పులుల అడవిని తవ్వుతామంటే మాత్రం కాగితాలు తర్వాత ఇవ్వొచ్చట!

బోరు అంటే ఉత్త రంధ్రం కాదు. యంత్రం పోవాలంటే తొవ్వ కావాలి, తొవ్వ కోసం చెట్లు కూలాలి. భూమి పొరల్లోని నీళ్లు కలిసిపోతాయి. ఆ అడవి వాగులు కృష్ణలో కలుస్తాయి. ఆ కృష్ణ నీళ్లే నాగార్జునసాగర్ నుంచి హైదరాబాద్ నల్లాలకు వస్తాయి. కాబట్టి ఇది చెంచుల గోస మాత్రమే కాదు.

నీళ్లను, చెట్లను, పులులనైనా అధికారులు లెక్కబెడతారు. సలేశ్వరం లింగమయ్యను ఏ కాలమ్‌లో రాస్తారు? చైత్ర పున్నమికి వేలాది మంది లోయలోకి దిగే ఆ జాతరలో పూజారులు చెంచులే. శ్రీశైలం మల్లన్న వాళ్లకు అల్లుడు. కొండచరియకు వేలాడి తేనె తీసేటప్పుడు తాడు పట్టేది బామ్మర్ది. అక్క పసుపుకుంకుమల మీద ఆయనకున్న ప్రేమే ఆ తాడుకు బలం. పెంట లేచిపోతే ఈ చుట్టరికం ఏ పునరావాస కాలనీలో దొరుకుతుంది? నష్టపరిహారం ఎంత కడతారు?

ఇది ఫారాలు నింపే ఆఫీసరుకు తెలియదు. చెంచు చెబితేనే తెలుస్తుంది. అందుకే ప్రజాభిప్రాయ సేకరణ అవసరం. 2003లో నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం గనుల మీద విచారణ పెడితే జనం మొహం మీదనే వద్దన్నారు. 2013లో సుప్రీంకోర్టు నియమగిరి సంగతి గ్రామసభలకే వదిలింది. ఆదివాసుల దేవుని కొండ హక్కును వాళ్లే తేల్చాలన్నది. 12 గ్రామసభలూ బాక్సైట్ గనిని తిరగ్గొట్టాయి.

జనం నోరు తెరిస్తే ఏమవుతుందో ఢిల్లీకి అర్థమైంది. అందుకే 2025 సెప్టెంబరులో అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. ప్రభావ నివేదిక ఉంటుందట, ప్రభావితులు మాత్రం ఉండరట! పెండ్లికొడుకు లేని పెండ్లి ఇది.

2019లో విద్యార్థులు, రచయితలు, నల్లమల ఊళ్లు ఒక్కటై లేస్తే సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం వద్దని తీర్మానం చేసింది. అది మన గెలుపే. కానీ తీర్మానం కాగితం మీద ఉంది, ఖనిజం భూమిలోనే ఉంది. రేపు మరో దరఖాస్తు రాదని హామీ ఎవరిస్తారు?

అటవీ హక్కుల చట్టం 2006 ఇంకా బతికే ఉంది. మన డిమాండు సూటిగా ఉండాలి: దరఖాస్తు ఫైలు కదలకముందే ప్రతి పెంటలో గ్రామసభ జరగాలి. గుడి, గుట్ట, చెలిమె, తేనె చరియ అన్నీ చెంచులే చూపిస్తుంటే పటంలోకి ఎక్కాలి. వాళ్లు కాదంటే అక్కడితో ఆగాలి.

విద్యార్థులారా, ఆ పటం గీయడానికి సెలవుల్లో అడవికి కదలండి. ఉద్యోగులారా, చూడని చోట 'ప్రభావం లేదు' అని సంతకం పెట్టకండి. నీళ్ల కోసం కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఆ నీళ్లు పుట్టే అడవిని అడగకుండా ఇచ్చేస్తే, మనం తెచ్చుకున్నదేమిటి?