టాంజానియా జాతిపిత: పూజయా, పరిశీలనమా?

ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున, మన హిందూమహాసముద్రమునకే అభిముఖమై యున్న టాంజానియా దేశమున ప్రతి సంవత్సరము అక్టోబరు 14వ తేదీ సెలవుదినము. ఆ దేశమునకు స్వాతంత్ర్యమును సాధించి, ప్రథమాధ్యక్షుడై, జాతిపితయని కొనియాడబడిన జూలియస్ న్యేరేరే 1999వ సంవత్సరమున కాలధర్మము నొందినది ఆ దినముననే. 2025వ సంవత్సరమున కూడ ఆ దినము వచ్చినది, పోయినది. పిమ్మట పదునైదు దినములకు, అక్టోబరు 29వ తేదీన, సార్వత్రికపు ఎన్నికలు జరిగినవి. ప్రధాన ప్రతిపక్షమునకు పోటీచేయు అవకాశమే లేకపోయెను. ఆ పక్షనాయకుడగు టుండు లిస్సు దేశద్రోహాభియోగముపై కారాగారమునం దుండెను. నగరవీథులయందు ప్రజలు తిరుగబడిరి, తుపాకులు పేలినవి, ప్రాణములు పోయినవి, రాత్రిసంచారము నిషేధింపబడెను, ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. పాలకపక్షమున కధ్యక్షురాలగు సామియా సులూహు హసన్ గారికి నూటికి 97కు పైగా వోట్లు లభించినవని ప్రకటన వెలువడెను. ఆ పాలకపక్షమో, న్యేరేరే మహాశయుడు తన చేతులతో పెంచి పెద్దచేసినదే.

ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన నుంచి చూచినవారికి ఒక ప్రశ్న పుట్టక మానదు. జాతిని నిర్మించిన మహాపురుషుని ఆ జాతి ఎట్లు స్మరింపవలెను? ఆయన పటమునకు పూలమాల వేసిన చాలునా? లేక ఆయన చేసిన మంచికిని చెడుకును లెక్క కట్టవలెనా? లెక్క కట్టుట కృతఘ్నతయని తలంచువారు మనదేశమునను కలరు. మా అభిప్రాయ మది కాదు. న్యేరేరే జీవితమే మాకు సాక్ష్యము.

ఆయన 1922వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన విక్టోరియా సరోవరమునకు సమీపముననున్న బుటియామా గ్రామమున, జనాకీ యను చిన్న తెగకు నాయకుడగు బురీటో కుమారుడై జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయమున గాని బడి ముఖము చూడలేదు. తరువాత టబోరా పాఠశాలలోను, ఉగాండాలోని మకెరెరే కళాశాలలోను చదివి, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున 1952లో యం. ఏ. పట్టము నొంది స్వదేశమునకు మరలి ఉపాధ్యాయవృత్తి నవలంబించెను. జర్మనుల చేతినుండి ఆంగ్లేయుల చేతికి మారిన టాంగన్యీకాకు స్వాతంత్ర్యము కావలెనని 1954 జులై 7వ తేదీన ‘టాను’ అను జాతీయసంఘమును స్థాపించెను. ఉద్యోగమో, రాజకీయమో, ఏదియో యొకటి విడువవలసివచ్చినప్పుడు 1955లో ఉద్యోగమునే విడిచెను. అయినను ప్రజలు ఆయనను కడవరకు ‘మ్వాలిము’ అనియే పిలిచిరి. స్వాహిలీ భాషలో ఆ మాటకు గురువని యర్థము. 1961 డిసెంబరు 9వ తేదీన దేశము స్వతంత్రమయ్యెను. అందుకై యుద్ధము జరుగలేదు, రక్తము ప్రవహింపలేదు. 1964 ఏప్రిల్ 26వ తేదీన జాంజిబారు ద్వీపముతో కలిసి టాంజానియా ఏర్పడెను.

ఆయన పుణ్యపు పద్దులో మొదట వ్రాయవలసినది భాషావిషయము. ఆ దేశమున 120కి పైగా తెగలు కలవు. తెగకొక్క భాష కలదు. పాలకుల ఆంగ్లమును రాజ్యభాషగా నుంచుకొనుట సులభము. ఏ పెద్దతెగ భాషనైన అందరి నెత్తిన రుద్దుటయు సులభమే. న్యేరేరే ఈ రెంటిని త్రోసివేసి, తీరమున వర్తకులు మాటలాడగా మాటలాడగా లోనిదేశమునకు వ్యాపించిన స్వాహిలీని జాతీయభాషగ నిలిపెను. అది ఏ పెద్దతెగకును సొంతము కాదు. కావున ఎవ్వరికిని అసూయ కలుగలేదు. ఆయనకు సయితము అది తల్లిభాష కాదు. అయినను దాని నభ్యసించి, షేక్స్పియరు మహాకవి ‘జూలియస్ సీజరు’ నాటకమును, ‘వెనిసు వర్తకుడు’ను రాజ్యభారము వహించుచునే ఆ భాషలోనికి పరివర్తనము చేసెను. ఈ భాషలో గొప్పభావములు ఇమడవని యెగతాళి చేయువారికి అంతకుమించిన ప్రత్యుత్తర మేమున్నది? ఉన్నతపాఠశాలలయందును విశ్వవిద్యాలయములయందును ఆంగ్లమే బోధనభాషగా నిలిచిపోయినదన్న లోపమును మేము దాచము. కాని ఒక్క మాట. పొరుగుననున్న ర్వాండాలో 1994లో జాతివైరముతో లక్షలకొలది జనులు హతమైరి. మరియొక పొరుగుదేశమగు కెన్యాలో 2007 ఎన్నికల పిమ్మట తెగలవారు ఒకరి నొకరు చంపుకొనిరి. టాంజానియాలో అట్టి ఘోరము జరుగలేదు. అచ్చట బాలుడు తన్ను ముందు టాంజానియావాడననియు, పిదప ఫలానా తెగవాడననియు తలంచును. ఇది గురువు నేర్పిన పాఠము.

రెండవది సమత్వము. స్వాతంత్ర్యమునకు కొలదివారములు ముందు, 1961 అక్టోబరులో, పౌరసత్వము నల్లవారికే పరిమితము కావలెనని శాసనసభలో కొందరు పట్టుపట్టిరి. తరతరములుగ అచ్చట వ్యాపారము చేసికొనుచున్న భారతీయుల గతి ఆ చర్చపై నాధారపడి యుండెను. చర్మపు రంగునుబట్టి పౌరుని నిర్ణయింతురేని తాను పదవియందుండనని న్యేరేరే తెగవేసి చెప్పెను. భారతసంతతివాడగు అమీర్ జమాల్ తరువాత చిరకాలము ఆయన మంత్రివర్గమున ఆర్థికశాఖను నిర్వహించెను. 1971లో అద్దెభవనములను ప్రభుత్వము స్వాధీనపరచుకొన్నప్పుడు మనవారనేకులు నష్టపడి దేశము విడిచిపోయిరన్నదియు నిజమే. అయినను అది ఆస్తిపై వచ్చిన చట్టము. మరుసటి సంవత్సరము ఉగాండాలో ఈదీ అమీను చేసినట్లు జాతిపేరిట మనుష్యులను వెళ్లగొట్టుట కాదు.

మూడవది నిరాడంబరత. 1967 ఫిబ్రవరి 5వ తేదీ అరూషా ప్రకటనమున పాలకపక్షనాయకులకు నియమములు విధింపబడినవి: కంపెనీలలో వాటాలు కూడదు, రెండు జీతములు కూడదు, అద్దెకిచ్చు ఇండ్లు కూడదు. అంతకు ముందటి సంవత్సరమే ఆయన తన జీతమును తానే అయిదవవంతు తగ్గించుకొనెను. 1970వ సంవత్సరమును వయోజనవిద్యాసంవత్సరముగ ప్రకటించి, ముదుసలి రైతులచేత సయితము అక్షరములు దిద్దించెను. దక్షిణాఫ్రికా, మొజాంబిక్ మొదలగు దేశముల స్వాతంత్ర్యయోధులకు దారెస్సలాము నగరమున ఆశ్రయమిచ్చెను. తన దేశము దరిద్రదేశమయ్యును ఆ భారమును తలకెత్తుకొనెను. మన ప్రభుత్వమువా రాయనకు 1973వ సంవత్సరపు నెహ్రూ బహుమానమును, 1995లో గాంధీ శాంతిబహుమానమును ఇచ్చుట యుక్తమే. ఈ రెండవదానిని మొట్టమొదట గ్రహించినవాడు ఆయనయే.

ఇక అప్పుపద్దు. దీనిని వ్రాయుటకు చేయి వణకరాదు.

గ్రామములయందు జనులు ఒక్కచో చేరి, ఉమ్మడిగ సేద్యము చేసి, ఉమ్మడిగ అనుభవింపవలెనని ఆయన ఆశయము. దానికి ‘ఉజమా’ యని పేరిడెను. కుటుంబభావమని దాని యర్థము. ఆశయము ఉత్తమమైనదే. బలవంతము పనికిరాదని ఆయనయే మొదట బోధించెను. దక్షిణభాగమున రువూమా ప్రాంతమున కొన్ని గ్రామముల రైతులు, ఎవ్వరి యాజ్ఞయు లేకయే, తమంతట తామొక సంఘముగ నేర్పడి ఈ యాశయమును నిజముగ ఆచరణలో పెట్టిరి. సొంత పాఠశాల నడుపుకొనిరి. సొంతముగ నిర్ణయములు చేసికొనిరి. వారికి దక్కిన ఫల మేమి? 1969లో పాలకపక్షమువారు ఆ సంఘమునే రద్దుచేసిరి. పక్షమున కధీనము కాని మంచిపని పక్షమునకు రుచింపలేదు. న్యేరేరే దానిని సాగనిచ్చెను.

అటుపిమ్మట 1973లో గ్రామనివాసము ఆజ్ఞయై కూర్చుండెను. 1976 లోపల 50 లక్షలకు తక్కువ కాని జనులు పాతయిండ్లనుండి కదలింపబడిరి. కదలనివారి గుడిసెలు కొన్నిచోట్ల తగులబెట్టబడినవి. క్రొత్తయూరికి పొలము దూరమయ్యెను, నీరు దూరమయ్యెను. ఏ నేలలో ఏ పంట పండునో తాతలనాటినుండి తెలిసిన రైతునకు, కాగితముపై గీత గీసిన అధికారి బుద్ధి చెప్పెను. అదే సమయమున అనావృష్టి తోడయ్యెను. తిండిగింజలకై విదేశముల వైపు చేయి చాపవలసివచ్చెను. స్వయంపోషణమును బోధించిన దేశము 1980 తరువాత అప్పులపాలయ్యెను.

ఇంత జరుగుచున్నను ‘ఇది తప్పు’ అని చెప్పగలవా రెవ్వరు? 1962లోనే విచారణలేని నిర్బంధమునకు చట్టము చేయబడెను. 1964 సైనికుల తిరుగుబాటు పిమ్మట స్వతంత్ర కార్మికసంఘములు పోయినవి. 1965లో రాజ్యాంగమే దేశమున నొక్క పక్షము మాత్రముండునని శాసించెను. ఒకే పక్షమునకు చెందిన ఇద్దరు అభ్యర్థులు ప్రతిస్థానమునకు పోటీచేయునట్లు ఏర్పాటుండెననియు, ఆ సంవత్సరమే మంత్రులు సయితము కొందరోడిపోయిరనియు ఆయనను సమర్థించువారు చెప్పుదురు. అది వాస్తవమే. కాని మంత్రిని మార్చగలిగిన ప్రజలు మార్గమును మార్చలేకపోయిరి. గుడిసె కాలినవాడు మొఱపెట్టుకొనుటకు మరియొక వాకిలి లేకపోయెను.

న్యేరేరే దుర్మార్గుడు కాడు, ధనాశాపరుడు కాడు. అట్టివాని చేతిలోనే ఇంత హాని జరిగెననుటయే మనము తెలిసికొనవలసిన విషయము. దుష్టుని చేతిలోని నిరంకుశాధికారమును లోకము వెంటనే గుర్తించును. సజ్జనుని చేతిలోనున్న నిరంకుశాధికారమును ఎవ్వరును గుర్తింపరు. గుర్తించినను ఆయనపై భక్తిచేత నోరెత్తరు. ఆ సజ్జనుడు దాటిపోయిన పిమ్మట ఆయన శీలము ఆయనతోనే పోవును. ఆయన ఏర్పరచిన అధికారయంత్రము మాత్రము వారసుల చేతిలో మిగులును. టాంజానియాలో 2025లో జరిగినదంతయు ఆయన నెత్తిన వేయుట న్యాయము కాదు. కాని, పాలకపక్షమే రాజ్యము, రాజ్యమే పాలకపక్షమను అభ్యాసము ఆయన కాలముననే నాటుకొనెనని చెప్పక తప్పదు.

దీనిని ఆయనయే కొంతవరకు గ్రహించెననుట ఆయన గొప్పతనము. 1985లో, ఎవ్వరును పొమ్మనకుండగనే, అధ్యక్షపదవిని విడిచి అలీ హసన్ మ్విన్యీ గారికి అప్పగించెను. చచ్చువరకు గాని, సైనికులు త్రోసివేయువరకు గాని పీఠమును విడువని నాయకులు నిండిన కాలమది. తన విధానములలో పొరపాటులున్నవని బహిరంగముగ ఒప్పుకొనెను. 1990లో పక్షాధ్యక్షత్వమునుకూడ వదలి, ఒకేపక్షపు పాలనము శాశ్వతధర్మము కాదని, పోటీలేని పక్షము మందగించునని హెచ్చరించెను. 1991లో ప్రభుత్వవిచారణసంఘము ప్రజాభిప్రాయమును సేకరింపగా నూటికి సుమారు 80మంది ఏకపక్షమే చాలుననిరి. అయినను మిగిలిన అల్పసంఖ్యాకుల కోరిక త్రోసివేయరాదని నిశ్చయమై 1992లో బహుపక్షవిధానము ప్రవేశపెట్టబడెను. ఆ మార్పునకు న్యేరేరే అండగా నిలిచెను. తాను 1965లో మూసిన తలుపును తన కన్నులయెదుటనే తెరువనిచ్చెను.

ఆ తెరచిన తలుపును మరల మూయువారు అక్టోబరు 14న ఆయన పటమునకు నమస్కరించుట ఎట్టి స్మరణము? ఆయన స్వరమును జ్ఞాపకముంచుకొని, ఆయన పశ్చాత్తాపమును మరచిన స్మరణము. నాయకుని పేర రోడ్లు, విమానాశ్రయములు, విశ్వవిద్యాలయములు వెలసినకొలది, ఆయన మాటలలో తమకు అనుకూలమైనవే మిగులుట లోకసహజము.

చదువరులారా! ఇది ఏదో దూరదేశపు కథయని పత్రికను మడిచి పెట్టకుడు. మన పురములలోను విగ్రహములు కలవు; జయంతులు, వర్ధంతులు కలవు. ఏ నాయకుని గూర్చియైన ఒక్క పొరపాటు ప్రస్తావించినచో సభలో కోలాహలము పుట్టును. ఏ నాయకుని గూర్చియైన ఒక్క మంచిమాట యనినచో ప్రతిపక్షమువాడని ముద్ర పడును. ఈ రెండు దోషములును ఒక్క వేరునుండియే మొలచినవి. లెక్క చూచుకొను ఓర్పు మనకు లేదు. మహాపురుషుని ఋణము నమస్కారముతో తీరదు. ఆయన నిలిపిన మంచిని కాపాడుటయు, ఆయన చేసిన తప్పును దిద్దుటయు అను రెండు పనులు కూడినగాని తీరదు.

టాంజానియా ప్రజలు తమ నాయకుని గురువని పిలుచుకొనిరి. గురువు పలకపై వ్రాసిన లెక్కలో తప్పు దొరలినచో మంచి శిష్యు డేమి చేయును? పలకను పగులగొట్టడు, పలకకు పసుపు పూసి గూటిలో పెట్టడు, లేచి నిలిచి, వినయముతో తప్పు చూపి, దిద్దును. అట్లు దిద్దనిచ్చిన గురువునకే గౌరవము. 2025లో దారెస్సలాము వీథులకు వచ్చిన యువకులు కోరినది ఆ హక్కునే. వారిలో అనేకులు ఆయన మరణానంతరము పుట్టినవారు. ఆయన నిజమైన వారసు లెవ్వరో, పటమునకు మాల వేసినవారో, వోటు కొరకు వీథికెక్కినవారో, చదువరులే నిర్ణయింతురు గాక.