పసిపిల్లలకి నేర్పే చదువుకి అయిదే మార్కులా?



మన రాష్ట్రంలో అంగన్‌వాడీ టీచర్ పోస్టుకి నోటిఫికేషన్ పడ్డప్పుడు మార్కుల పట్టిక ఎప్పుడైనా చూశారా? ఏళ్లుగా వస్తున్న లెక్క ఇది. పదో తరగతి మార్కులకి 50. ఇంటర్వ్యూకి 20. ప్రీస్కూల్ టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్‌కి 5. మిగతావి వితంతువులకి, అనాథలకి, వికలాంగులకి ఇచ్చే మార్కులు, వాటితో నాకు పేచీ లేదు. మరి పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష టీచరుకి వచ్చా రాదా అన్నదానికి? సున్నా.

అంటే ఏంటి? పసిపిల్లలకి ఎలా నేర్పాలో చదువుకుని వచ్చిన అమ్మాయికి 5. బల్ల అవతల కూర్చున్నవాళ్ల ఇష్టానికి 20. ఆ 20 మార్కుల సందులోంచి ఎవరి సిఫార్సు దూరుతుందో పల్లెల్లో ఎవర్నడిగినా చెప్తారు.

ఇంకోటి చూడండి. పోస్టుకి అప్లై చేయాలంటే పెళ్లయి ఉండాలి. ఆడపిల్లకి తొందరపడి పెళ్లి చేయొద్దని గోడల మీద రాయించేదీ ఆ శాఖే, పెళ్లి కాని పిల్లకి ఉద్యోగం లేదనేదీ ఆ శాఖే. తండాలో ఇంటర్, డిగ్రీ చదివిన మన చెల్లెళ్లు ఏం చేయాలి? మిరపకాయల కోతకి పోవాలా?

"చిన్నపిల్లల్ని ఆడించడానికి ట్రైనింగ్ ఏంది?" అనేవాళ్లు ఆఫీసుల్లోనే కాదు, మన తండాల్లోనూ ఉన్నారు. వాళ్లకి ఒక్కటే అడుగుతా. మన దుర్గి రాతి శిల్పాలకి జీఐ గుర్తింపు ఉంది. ఉలి పట్టిన రోజే ఎవరైనా విగ్రహం చెక్కారా? గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంటేనే చెయ్యి తిరుగుతుంది. రాయి పగిలితే ఇంకో రాయి తెచ్చుకోవచ్చు. మూడేళ్ల పిల్ల మనసు ముడుచుకుపోతే ఎక్కడి నుంచి తెస్తారు?

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానమే రాసింది. ఇంటర్, ఆపైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా ఇస్తామనీ రాసింది. కాగితం మీద బాగుంది. 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' అని కేంద్రం కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో టీచర్ దాకా వచ్చే శిక్షణ ఎన్ని రోజులు? మూడు. ఏడాది అని చెప్పి మూడు రోజులు చేతిలో పెడితే దాన్ని శిక్షణ అంటారా, తూతూ మంత్రం అంటారా?

దీని దెబ్బ ముందు తగిలేది మన పిల్లలకే. సుగాలీ పిల్లాడు ఇంట్లో గోర్‌బోలి మాట్లాడతాడు. అమ్మని యాడి అంటాడు, రొట్టెని బాటి అంటాడు. ఆ భాష రాని టీచర్ దగ్గర మొదటి రోజు బాటి అడుగుతాడు, ఆమెకి అర్థం కాదు. రెండో రోజు అడగడు. నెల తిరిగేసరికి నోరే విప్పడు. "వీడు మొద్దు" అని పేరు పడిపోతుంది. ఎరుకల పిల్లలకీ వాళ్ల భాష వాళ్లకుంది. చెంచు, యానాది పిల్లలది తెలుగే అయినా వాళ్ల యాసకి నవ్వుతారు. గిరిజన పిల్లలు హైస్కూల్లో బడి మానేస్తున్నారని లెక్కలు తీసే అధికారులారా, ఆ మానేయడం ఇక్కడే మొదలైంది, చూడండి.

తప్పు ఆ టీచర్ది కాదు. ఆమెకి ఎవరూ నేర్పలేదు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు సమ్మె చేశారు. అప్పుడు వాళ్లకి నెలకి 11,500. ప్రభుత్వం ఎస్మా పెట్టింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ అంట, డబ్బులిచ్చేటప్పుడు మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం అంట! వాళ్లకి గ్రాట్యుటీ ఇవ్వాలని 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది.

ఇదంతా కుదరని పని అనకండి. 1945లో మహారాష్ట్ర బోర్డిలో తారాబాయి మోదక్ పల్లె పిల్లల కోసం బడి మొదలుపెట్టారు. బడికి రాలేని పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లారు. తర్వాత కోస్‌బాడ్‌లో వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. ఖరీదైన బొమ్మలు కాదు, చుట్టుపక్కల దొరికే గింజలు, గవ్వలు, రాళ్లే పరికరాలు. అంగన్‌వాడీ అన్న ఆలోచనే మనలాంటి వాళ్ల వాకిట్లో పుట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది, అందులో బంజారా కూడా ఉంది. ఒడిశాలో అంగన్‌వాడీలకే గిరిజన భాషల్లో పాఠాలు తయారుచేశారు. పల్నాడుకి ఎందుకు రావు?

ఎందుకంటే మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఏజెన్సీ టీచర్ పోస్టులు అక్కడి గిరిజనులకే ఇచ్చే జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మనకి కొట్టేయడానికి కూడా ఏమీ లేదు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. మూడు రోజులు కాదు, రాసిన మాట ప్రకారం ఆర్నెల్లు, ఏడాది శిక్షణ. ఫోన్లో వీడియోలతో సరిపెట్టకుండా మాచర్లలోనో దుర్గిలోనో ముఖాముఖి తరగతులు, స్టైపెండ్‌తో.

2. ఇంటర్వ్యూ మార్కులు తీసేసి శిక్షణకీ, పిల్లల భాషకీ ఇవ్వాలి.

3. పెళ్లి నిబంధన రద్దు చేయాలి.

4. శిక్షణ పొందిన టీచరుకి గౌరవ వేతనం కాదు, జీతం, పదోన్నతి.

చెల్లెళ్లారా, మీకో మాట. ప్రీస్కూల్ టీచర్లకి ఎన్‌సీటీఈ నిబంధనల్లో రెండేళ్ల డిప్లొమా ఉంది. టౌన్లో బోర్డు కట్టి "మాంటిస్సోరి ట్రైనింగ్" అని వేలు అడిగేవాళ్లని ముందు ఒక్కటే అడగండి: ఈ సర్టిఫికెట్‌కి ఎవరి గుర్తింపు ఉంది? జవాబు కాగితం మీద చూపించకపోతే రూపాయి కట్టొద్దు.

అన్నలారా, మీకూ పనుంది. గ్రామసభలో బోర్లు, రోడ్లే కాదు, ఈ నాలుగు డిమాండ్లూ తీర్మానంగా రాయించండి. ఆ కాపీతో సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. ఒక తండా వెళ్తే అర్జీ. అన్ని తండాలూ వెళ్తే అప్పుడది ఉద్యమం.

జై ఆదివాసీ! జై సేవాలాల్! జై భీమ్!