మిరప పూలో పురుగు కనబడాలంటే ఎక్స్‌పోర్ట్ దగ్గర జర ఆగండి

ఈసారి కషాయాల ముచ్చట కాదు, వాటిని చూపించే వీడియోల ముచ్చట. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లలో కెమెరా పట్టేవాళ్లు పెరుగుతున్నారు, సంతోషం. కానీ చాలా వీడియోల్లో ఆకు ఆకులాగా ఉండదు, పచ్చటి ముద్దలాగా ఉంటది. అడిగితే "పాత కెమెరా అన్నా" అంటారు. నేనైతే ఒప్పుకోను. హెచ్‌డీ క్యామ్‌కార్డర్ ఎంత పాతదైనా మన పనికి చాలు. ఎక్కువసార్లు బొమ్మ చెడేది ఎడిటింగ్ అంతా అయిపోయాక, చివర్లో ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు చూడకుండా ఓకే నొక్కినప్పుడే.

బొమ్మ కాస్త మసకైతే ఏమైతది అంటారా? మిరపనే తీసుకోండి. 2021లో కొత్త రకం నల్ల తామర పురుగు మన వరంగల్ వైపు మిరప తోటలను ఎంత దెబ్బ తీసిందో అందరికీ తెలుసు. అది పూలలో ఉంటది, పొడవు మిల్లీమీటరు అటూ ఇటూ. ఇక ముడత సంగతి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. డిప్లొమాలో మాకు మొదట నేర్పిన తేడాల్లో ఇదొకటి. మన వీడియో చూసే రైతు ఈ తేడాను బట్టే ఏం కొట్టాలో తేల్చుకుంటాడు. ఆకు అంచు అలుక్కుపోతే ఆయన ఊహించుకుని కొడతాడు. పోయేది ఆయన డబ్బు, ఆయన పంట.

మనలో చాలామంది ఎడిటింగ్ నేర్చుకున్నది పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ల దగ్గర. మా మట్టెవాడలో నాకు తెలిసిన పిల్లలు కూడా అంతే. వాళ్ల పనితనానికి దండం పెట్టాలి, కానీ వాళ్ల సెట్టింగులు డీవీడీ, టీవీ కాలంనాటివి. 720×576 సైజు, ఇంటర్‌లేస్డ్. పెళ్లి డీవీడీకి అది సరిపోయింది. ఫోన్లో చూసే చేనుకు సరిపోదు.

ఇంటర్‌లేస్డ్ అంటే ఏందో చెప్తా. మన దగ్గర అమ్మిన ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్లు చాలావరకు 1080ఐలో తీస్తాయి. అంటే సెకనుకు 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు. పాత టీవీ వాటిని అట్లనే ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి కంటికి తేడా తెలిసేది కాదు. ఫోను, కంప్యూటరు అట్ల గీయవు. రెండు సగాలను ఒకేసారి కలిపి చూపిస్తే, ఆ మధ్యలో గాలికి కదిలిన ఆకు అంచు దువ్వెన పళ్లలాగా విడిపోతది. అందుకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ పెట్టి, ఎక్స్‌పోర్ట్‌లో ప్రోగ్రెసివ్ ఎంచుకోండి. సెకనుకు ఫ్రేములు 25 గానీ 50 గానీ పెట్టండి. కొందరు 30 పెడతారు. 25తో తీసినదాన్ని 30 చేస్తే సెకనుకు ఐదు ఫ్రేములు ఉన్నవే మళ్లీ వస్తాయి. సాలు పొడవునా కెమెరా తిప్పినప్పుడు బొమ్మ కుదుపులు కుదుపులుగా పోయేది అందుకే.

ఇక అసలు గొడవ బిట్‌రేట్ మీద. ఒక్క సెకను వీడియోకు ఎంత డేటా కేటాయించాలన్నదే బిట్‌రేట్. పెళ్లి మండపంలో వెనక తెర కదలదు, మనుషులే కదులుతారు. కదలని భాగాన్ని సాఫ్ట్‌వేర్ మళ్లీ మళ్లీ రాసుకోదు, కాబట్టి తక్కువ డేటాతో గడిచిపోతది. మిరప తోటలో గాలి వస్తే వేల ఆకులు ఒకేసారి కదులుతాయి, ప్రతి ఫ్రేమూ కొత్తదే. కంప్రెస్ చేయడానికి ఇంతకన్నా కష్టమైన బొమ్మ ఇంకోటి ఉండదేమో! డేటా చాలకపోతే సాఫ్ట్‌వేర్ మొదట వదిలేసేది సన్న వివరాలనే, అంటే సరిగ్గా మనం చూపించాలనుకున్న పురుగునే.

యూట్యూబ్ 1080పీ, 25 ఫ్రేముల వీడియోకు 8 ఎంబీపీఎస్ సూచిస్తుంది, 50 ఫ్రేములైతే 12. నా మాట వినండి, చేను వీడియోకు 25 ఫ్రేములే అయినా 16 పెట్టండి. మనం ఎక్కించినదాన్ని యూట్యూబ్ మళ్లీ నలుపుతుంది. ముందే నలిగిపోయింది ఇస్తే ఇంకా నలుగుతుంది. పది నిమిషాల వీడియో 8 ఎంబీపీఎస్‌లో సుమారు 600 ఎంబీ, 16లో 1,200 ఎంబీ అవుతుంది. అప్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ ఉంటే మొదటిదానికి 40 నిమిషాలు, రెండోదానికి 80. రాత్రి పెట్టేసి పడుకోండి. ఫార్మాట్ ఎంపీ4, కోడెక్ హెచ్.264, ఇందులో ఆలోచించేదేం లేదు.

1080ని 4కేగా పెంచి ఎక్కిస్తే క్వాలిటీ వస్తదని ఒక వాదన ఉంది. 4కేకు యూట్యూబ్ ఎక్కువ డేటా ఇస్తుంది, ఆ మాట నిజమే. కానీ మొబైల్ డేటా మీద 480పీలో చూసే రైతుకు అందులో ఒరిగేదేం లేదు. మీ కంప్యూటరు మాత్రం తెల్లారేదాకా రెండర్ చేస్తూ కూర్చుంటది.

ఆడియో ఏఏసీ, 48 కిలోహెర్ట్జ్, 384 కేబీపీఎస్ పెట్టండి, ఇక్కడ పిసినారితనం వద్దు. గాలి హోరులో "పది లీటర్లు" ఎట్ల వినబడతదో చెప్పలేం. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పిండి అని చెప్పేటప్పుడు ఆ అంకెలు తెర మీద పెద్ద అక్షరాలతో వేయండి. కింద సన్నగా వేస్తే 480పీలో చదవలేరు.

కార్డులోని అసలు ఫైళ్లు దాచుకోండి. ఎక్స్‌పోర్ట్ చేసినదాన్నే మళ్లీ కోసి ఇంకో వీడియోలో వాడితే అది రెండుసార్లు నలిగిన సరుకు. వాట్సాప్ గ్రూపులో కూడా ఫైలు పంపకండి, లింకు పంపండి.

ఎక్కించే ముందు ఒక పని. ప్రైవేటుగా అప్‌లోడ్ చేసి, మామూలు ఫోన్లో 480పీ పెట్టి, చేన్లో ఎండలో నిలబడి చూడండి. ముడత పైకా కిందికా తెలుస్తుందా? తెలియకపోతే ఇక సెట్టింగులు మార్చి లాభం లేదు. స్టాండ్ వేసి, ఆకును చేత్తో పట్టుకుని, దగ్గర నుంచి పది సెకన్లు కదలకుండా మళ్లీ తీయండి.