భోజనశాలలలో జంతు నిషేధము

మన పట్టణములలోని హోటళ్లలో పిల్లి తిరుగుట వింత కాదు. బియ్యపు బస్తాలను ఎలుకల బారినుండి కాపాడునని యజమాని దానికి ఇంత పాలుపోసి పోషించును. తినవచ్చినవారును చూచి చూడనట్లు ఊరకుందురు. ఆ హోటలికే ఒక అంధుడు, తనకు త్రోవ చూపుటకై శిక్షణ పొందిన శునకముతో వచ్చెననుకొందము. యజమానికి తత్‌క్షణమే శాసనము జ్ఞప్తికి వచ్చును!

శాసనము ఉన్నమాట నిజమే. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము ననుసరించి 2011లో వెలువడిన లైసెన్సు నిబంధనల నాలుగవ షెడ్యూలు, ఆహారసంస్థల ఆవరణములోనికి జంతువులను, పక్షులను, పెంపుడు ప్రాణులను రానీయరాదని విధించుచున్నది. ఇది చాదస్తము కాదు. ఎలుక మూత్రమునుండి లెప్టోస్పైరా, పిల్లి మలమునుండి టాక్సోప్లాస్మా, కోళ్ల రెట్టనుండి సాల్మొనెల్లా మనుష్యులకు సంక్రమించును. పిల్లిని పెంచి ఎలుకను తొలగించుట ఒక పీడకు మాఱు మఱియొక పీడను తెచ్చుకొనుటయే. కన్నములు పూడ్చి, తలుపుల క్రింది సందులు కప్పి, ఎంగిలి ఎప్పటికప్పుడు తీయించినచో ఎలుకలు చేరవు. కాని అందుకు సొమ్మును శ్రద్ధయు కావలయును. పిల్లికి పాలు చాలును.

ఆ నిబంధనలో లోపము లేకపోలేదు. వంటశాలకును వడ్డనశాలకును, ముచ్చటకై పెంచు కుక్కకును అంధునికి కన్నులైన కుక్కకును అది భేదము పాటింపలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వివక్ష కూడదని సామాన్యముగా చెప్పినది గాని, హోటలు గుమ్మముకడ తగవు తీర్చుటకు ఆ సామాన్యోక్తి చాలదు.

అమెరికావారి పద్ధతి ఇందు పరిశీలింపదగినది. వారి సమస్తమును అనుకరింపవలెనని మా మతము కాదు. వారి శునకప్రేమ ఒక్కొక్కప్పుడు హద్దు మీఱును. అయినను వారి ఫుడ్ కోడు జంతువులను సామాన్యముగా నిషేధించుచునే, ఆహారము తయారుకాని చోటులకు సేవాశునకమును రానిచ్చుచున్నది. 1990 నాటి వికలాంగుల చట్టము క్రింద హోటలువారు రెండే ప్రశ్నలడుగవచ్చును: వైకల్యమువలన ఈ శునకము అవసరమా? ఏ పనికై దీనికి శిక్షణ నిచ్చిరి? పత్రములు చూపుమనరాదు. అది అదుపుతప్పి అల్లరిచేసినను, నేల మలినపఱచినను వెడలింపవచ్చును. చూడుడు, ఎంత తేటగా నున్నదో! అతిథికిని యజమానికిని తమతమ హద్దులు తెలియును. వాదమునకు తావు లేదు.

మనదేశమున ఇట్టి శునకములు మిక్కిలి అరుదు, కొందఱికై నిబంధన ఏలయని కొందఱందురు. ఏ గుమ్మమును తెఱచుకొననిచో వానికి శిక్షణ నిచ్చువారెవ్వరు? శునకము అశుచియని ఆక్షేపించువారును ఉందురు. వారు మహాప్రస్థానకథను స్మరింపవలెను. కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు ద్వారముకడనే నిలిచిపోయెను గదా.

కావున ఢిల్లీలోని ఆహార భద్రతా ప్రమాణముల ప్రాధికారసంస్థ నాలుగవ షెడ్యూలునకు ఒక్క వాక్యము చేర్చవలయును: వంటశాలయు సరకుగదియు తప్ప తక్కినచోటులకు, అదుపులోనున్న సేవాశునకమునకు ప్రవేశము కలదని. ఇక నిషేధముండవలసినచోట దానిని అమలుజరుపుడు. అపరిశుభ్రముగా ఆహారము తయారుచేయువారికి లక్ష రూపాయలవఱకు జరిమానా విధించుటకు 2006 చట్టపు 56వ సెక్షను అధికారమిచ్చుచున్నది. తనిఖీకి వచ్చు అధికారి ముందుగదిలో బోర్డు చదివి, కాఫీ త్రాగి మరలిపోక, వెనుకతలుపు తీయించి పప్పుబస్తాల నడుమ చూడవలయును.