ఆటస్థలములో కెమెరా

పాఠశాలలో ఆటలపోటీలు ముగిసిన మరునాడు ఆ పోటీల ఛాయాచిత్రములను చూచినవారికి ఒక వింత తోచును. ఆటలు జరిగినట్లు వానిలో ఆనవాలే కనబడదు. వేదిక, వేదికపై కుర్చీలు, కుర్చీలలో పెద్దలు, పెద్దల మెడలలో దండలు - ఇవియే కనబడును. కొన్నింటిలో పిల్లలు లేకపోలేదు. కాని వారు బహుమతి నందుకొనుచు, ఇచ్చువారివైపు గాక కెమెరావైపు చూచుచు, కదలక నిలిచియుందురు. పరుగెత్తిన కాళ్ళేవి? 'ఖో' అన్న పిలుపు వినబడగానే లేచిన బాలిక ఏది? కూతకు వెళ్ళి, నలుగురు పట్టి లాగుచుండగా నడిమి గీతను అందుకొన్న బాలుని ముఖమేది? పెండ్లికి వెళ్ళి విందు బొమ్మలు మాత్రము తీసికొని వచ్చినట్లుండును మన పని.

ఇది ఇతరుల తప్పుగా చెప్పుట లేదు. ఈ తప్పు నేను చేసినదే. కొన్ని సంవత్సరముల క్రిందట, అప్పుడే కెమెరా పట్టుట నేర్చుకొనుచున్న దినములలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో జరిగిన ఒక మండల పోటీలకు చిన్న డిజిటల్ కెమెరాతో వెళ్ళితిని. నూటికి పైగా బొమ్మలు తీసితిని. తరువాత కొలది దినములకు ఒక బాలిక తల్లి పాఠశాలకు వచ్చి, "సారూ, మా పిల్ల ఉరికిన ఫోటో ఏది?" అని అడిగినది. ఆ పిల్ల ఖోఖో జట్టులో అందరికంటె బాగుగా ఆడినది. కాని ఆ జట్టు ఓడినది. కనుక వేదికపైకి రాలేదు. కనుక నా కెమెరాలోనికి రాలేదు. మైదానములో తీసిన రెండు మూడు బొమ్మలలో ఒకదానియందు ఆమె మోచేయియు, మరియొకదానియందు ఆమె లేపిన దుమ్మును మాత్రమే ఉన్నవి. ఆ తల్లికి చూపుటకు నాయొద్ద ఏమియు లేకపోయినది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో అనేక జిల్లాలుగా విభజింపబడినవి. కాని బడిపిల్లల జీవితములు ఆ గీతలను బట్టి మారలేదు. ఉట్నూరు, జైనూరు ప్రాంతముల ఆశ్రమ పాఠశాలలలో చదువు గోండు, కొలాము బిడ్డలును, సిరిసిల్ల మరమగ్గముల చప్పుడులో పెరుగు బిడ్డలును, గోదావరిఖని గని కార్మికుల బిడ్డలును ఒకే విధముగ ఆటస్థలమునకు వత్తురు. వీరిలో అనేకుల ఇండ్లలో బాల్యమునకు గుర్తుగా మిగులునవి దరఖాస్తులకు అంటించిన చిన్న బొమ్మలు మాత్రమే. ఆ బొమ్మలో బిడ్డ బిగుసుకొని, నవ్వక, గోడకు ఆనుకొని నిలిచియుండును. అది కార్యాలయమునకు కావలసిన ముఖము, తల్లికి కావలసిన ముఖము కాదు. తరగతిలో ప్రశ్న అడిగిన తలవంచుకొను బాలుడు చిర్రగోనెలోనో, కబడ్డీలోనో పదిమందికి నాయకుడగును. అతడు నిజముగా ఎట్టివాడో ఆ గడియలోనే తెలియును. ఆ గడియను పట్టి నిలుపుటకు సాధనము చేతనుండియు దానిని వేదికవైపు త్రిప్పుట న్యాయమా?

ఈ ప్రాంతమునకు కెమెరా క్రొత్తది కాదు. 1940లో జోడేఘాట్ కొండలలో కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాం ప్రభుత్వము ఆస్ట్రియా దేశమున జన్మించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫును నియోగించెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో గూడ మార్లవాయి గ్రామమున నివసించి గోండుల జీవితమును అధ్యయనము చేసెను. 1943లో అచట గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభమైనది. గోండీ భాషలో వాచకములు వెలువడినవి. ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఆయన గ్రంథము 1948లో ప్రచురితమైనది. ఆ దంపతులను ఈ ప్రాంతమువారు నేటికిని గౌరవముతో తలచుకొందురు. ఆయన తీసిన ఛాయాచిత్రముల సంపుటి లండను నగరములోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాసంస్థలో భద్రముగా ఉన్నది. అది మానవశాస్త్రమునకు గొప్ప నిధి. శాస్త్రమునకై తీసిన బొమ్మ గ్రంథాలయమునకు చేరుట సహజమే. కాని బడిలో ఉపాధ్యాయుడు తీసిన బొమ్మ చేరవలసిన చోటు వేరు. అది ఆ బిడ్డ ఇంటిగోడకు చేరవలెను. చేరనియెడల, మనము మన పిల్లలను కూడ పరిశీలకులవలె దూరమునుండి చూచినవార మగుదుము.

"వేదికపై బొమ్మ తీయుట సులభము, మైదానములో తీయుట కష్టము, మా కెమెరా చిన్నది" అని కొందరు మిత్రు లందురు. ఈ మాటలో కొంత సత్యము కలదు. ఆ కష్ట మెక్కడ నున్నదో తెలిసికొన్న సగము తీరును.

పదునాలుగేండ్ల బాలిక పరుగును సెకనుకు 6 మీటర్లుగా లెక్కింతము. కెమెరా ద్వారము సెకనులో 60వ వంతు తెరచియున్న, ఆ లోపల ఆమె 10 సెంటీమీటర్లు కదలును; బొమ్మ చెదరును. 500వ వంతు మాత్రమే తెరచియున్న, కదలిక 1.2 సెంటీమీటర్లకు తగ్గును. ముఖము స్పష్టముగ వచ్చును. ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. చవుక కెమెరాలలో మీట నొక్కిన క్షణమునకును, బొమ్మ పడు క్షణమునకును నడుమ కొంత ఆలస్యము జరుగును. ఆ ఆలస్యము సెకనులో అయిదవ వంతే అనుకొన్నను, బాలిక 1.2 మీటర్లు ముందునకు పోవును. నాకు మోచేయి మాత్రము దక్కుటకు కారణ మిదియే. 1975లో అమెరికాలోని కొడాక్ సంస్థయందు స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు నిర్మించిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మను క్యాసెట్టుపై నెక్కించుటకు 23 సెకనులు తీసికొనెను. ఆ కాలములో మన బాలిక నూరు మీటర్ల పందెమును ముగించి మంచినీళ్ళు త్రాగవచ్చును. ఆ కెమెరాతో పోల్చిన మన చేతిలోని చిన్న కెమెరా ఎంత వేగవంతమైనదో చూడుడు.

ఈ ఆలస్యమును జయించుటకు ఉపాయము కలదు. పిల్ల వచ్చు చోటును ముందుగా నిర్ణయించుకొని, మీటను సగము నొక్కి ఫోకసును ఆ చోట నిలిపి, ఆమె రాగానే మిగిలిన సగము నొక్కవలెను. కెమెరాపై పరుగెత్తు మనిషి గుర్తున్న అమరికను పెట్టిన, ద్వారవేగమును కెమెరాయే పెంచుకొనును. వరుసగా బొమ్మలు తీయు అమరికను నమ్ముకొని ఊరకుండరాదు. సెకనుకు మూడు బొమ్మలు తీయు కెమెరాలో ఒక బొమ్మకును మరొక బొమ్మకును నడుమ బాలిక 2 మీటర్లు పోవును. పట్టదగిన క్షణము ఆ రెంటి నడుమ జారిపోవచ్చును.

కనుక ఆటను ఎరుగుటయే ముఖ్యము. ఖోఖోలో తరుము పిల్ల ఒకసారి దిశ పట్టిన తరువాత స్తంభమును చేరువరకు వెనుకకు మరలరాదు. కావున ఆమె స్తంభమువద్దకు వచ్చి, దానిని పట్టుకొని తిరుగునని ముందే తెలియును. అచట ఆమె వేగము తగ్గును. ఆమె దేహమంతయు విల్లువలె వంగును. స్తంభమునకు ఆవల, గీతలకు వెలుపల, నేలపై కూర్చుండిన ఉపాధ్యాయునికి ఆ బొమ్మ తప్పదు. కబడ్డీలో పోరాటమంతయు నడిమి గీతవద్ద తేలును. ఆ గీత చివర, దూరముగా నిలువవలెను. పరుగుపందెములో గమ్యమునకు ఆవల నిలిచి, ఎదురుగా వచ్చువారిని తీసిన చెదరుట తక్కువ. అన్నింటను నేలపై కూర్చుండుట మేలు. పెద్దవాడు నిలిచి తీసిన బొమ్మలో పిల్లవాడు మరింత చిన్నవాడగును. కూర్చుండి తీసిన బొమ్మలో అతడు తన ఎత్తులో తానుండును.

ఇక వెలుతురు సంగతి. చలికాలపు ఉదయములలో ఆదిలాబాదు ఎండ ఏటవాలుగా, మెత్తగా పడును; పోటీల ముఖ్యభాగము అప్పుడే జరిగిన బొమ్మలకును మేలు, పిల్లలకును మేలు. మధ్యాహ్నపు ఎండ నడినెత్తిపై పడి కన్నులను నీడలో ముంచును. నల్లరేగడి నేల ఎక్కువగా కనబడినపుడు కెమెరా మోసపోయి బొమ్మను అతిగా వెలిగించును. తెల్ల బనియనులు సున్నపు గోడలవలె వెలవెలపోవును. అందరును తెల్లదుస్తులలో దగ్గరగా నిలిచినపుడు ఇందుకు విరుద్ధముగా ముఖములు నల్లబడును. ఈ రెంటిని సవరించు మీట చిన్న కెమెరాలలోను ఉండును. లోపలి క్రీడామందిరములలో వెలుతురు చాలదు, ఐ.ఎస్.ఓ. సంఖ్యను పెంచుకొనవలెనే గాని ఫ్లాషు వాడి ఆడువారి కన్నులు చెదరగొట్టరాదు.

"శ్రమపడి ఓడినవారి బొమ్మలు ఎందుకు? గెలిచినవారి బొమ్మలు తక్కినవారికి ప్రోత్సాహము కదా" అని ఇంకొక వాదము. గెలిచినవారి బొమ్మను తీయవలదని నే ననుట లేదు. కాని 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 400 మీటర్ల హర్డిల్స్ పందెములో పి.టి. ఉష 55.42 సెకనులలో పరుగెత్తి నాలుగవ స్థానమున నిలిచెను. మూడవ స్థానము పొందిన రుమేనియా వనిత కాలము 55.41. సెకనులో నూరవ వంతు తేడా. దానిని నిర్ణయించినది గమ్యరేఖవద్ద నున్న కెమెరాయే. ఆ దినము పతకముల వేదికపై ఉష లేదు. ఐనను ఆ పరుగును ఈ దేశము మరువలేదు. వేదికను మాత్రమే చూచు కెమెరాకు ఆ పరుగు లేనిదే యగును. మండల పోటీలలో నాలుగవ స్థానము పొందిన మన బిడ్డ పరుగు మాత్రము లేనిదగునా?

ఐతే కెమెరా పట్టినవానికి కొన్ని కట్టుబాట్లును ఉండవలెను. పడిపోయిన పిల్లను, దుస్తులు చెదరిన బాలికను, ఏడ్చుచున్న బాలుని తీసి నలుగురికి చూపుట తగదు. అట్టి బొమ్మ పడిన ఆ క్షణమే తుడిచివేయవలెను. తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లల బొమ్మలను ఫోన్లలో ఊరూర త్రిప్పరాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి అవసరమని చెప్పుచున్నది. చట్టము చెప్పకపోయినను ఇది ఉపాధ్యాయ ధర్మము. గోప్యముగా దాచుట వేరు, గౌరవముతో అప్పగించుట వేరు. ఫోను తెరపై వేయిమంది చూచి మరచు బొమ్మకంటె, కాగితముపై అచ్చువేయించి వెనుక పేరు, ఆట, తేదీ వ్రాసి తల్లిచేతి కిచ్చిన ఒక్క బొమ్మ మేలు.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది. ఈ సంవత్సరము మీ పాఠశాల పోటీలలో వేదికకు పది బొమ్మలు చాలుననుకొనుడు. తక్కినవన్నియు మైదానమునకు ఉంచుడు. జట్టులోని ప్రతి బిడ్డకు, ఆడుచుండగా తీసిన బొమ్మ ఒక్కటియైన ఉన్నదో లేదో పేర్ల పట్టికతో సరిచూచుకొనుడు. విద్యార్థులారా, మీలో ఆడలేనివారు, కాలు నొచ్చి కూర్చున్నవారు కెమెరాను అడిగి తీసికొనుడు. ఖోఖో ఎరిగిన విద్యార్థి తీసిన బొమ్మ, ఆట ఎరుగని నిపుణుని బొమ్మకంటె నిజమైనది. కెమెరా లేనిచోట ఫోనుతోనైన ఈ పని చేయవచ్చును. నిలుచుచోటు, కూర్చుండుట, ముందుగా కనిపెట్టుట - వీనికి ధర లేదు.

నన్ను ప్రశ్నించిన ఆ తల్లి బిడ్డ పదవ తరగతి ముగించి పాఠశాల విడిచినది. ఆమె ఖోఖో ఆడుచుండగా చూచినవారము పదుగుర ముందుము. చూపగలవార మొక్కరమును లేము. ఆ బాకీ నేనిక తీర్చలేను. తరువాతి సంవత్సరములలో మైదానపుటంచున నేలపై కూర్చుండి తీసిన బొమ్మలు ఇతర బిడ్డల ఇండ్లకు చేరినవి. ఆ ఇంటికి చేరలేదు. ఈ వ్యాసము చదివిన ఉపాధ్యాయులలో ఎవరికిని ఇట్టి బాకీ మిగులకుండుగాక.