రెండు పట్టాలు

గోదావరి డెల్టాలో 'పట్టా' అనే మాటకు రెండర్థాలు ఉన్నవి. ఒకటి పొలానిది, రెండవది కళాశాలది. మొదటిది ఇనుప్పెట్టెలో దాగి ఉంటుంది. రెండవది అద్దాల చట్రంలో గోడకు వ్రేలాడుతుంది. వేసవిలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి తొలకరి చినుకులు పడేవరకు, ఈ రెండు పట్టాల నడుమ బేరం ఏటేటా అనేక గృహాలలో సాగుతూనే ఉంటుంది. ఎకరం అమ్మి పిల్లవానిని చదివించడమా, ఎకరం నిలుపుకొని పిల్లవానిని పనిలో పెట్టడమా? ప్రశ్న తండ్రిది, కాని సలహా కొరకు ఆయన తరచుగా వచ్చేది ఊరి బడిపంతులు వద్దకే. కనుక ఈ లెక్క ఉపాధ్యాయునికీ తెలిసి ఉండవలెను. చదువబోయే విద్యార్థికి మరింతగా తెలిసి ఉండవలెను.

ఈ బేరం నిన్న మొన్న పుట్టినది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. ఆ మరుసటి యేడు, 1853లో, రాజమహేంద్రవరంలో ప్రభుత్వ పాఠశాల వెలసింది. అదే 1873లో కళాశాల అయినది. ఆనకట్ట వెనువెంటనే పాఠశాల రావడం యాదృచ్ఛికమే కావచ్చును. ఆ తరువాతి చరిత్ర మాత్రం యాదృచ్ఛికం కాదు. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిన నేల కొంత మిగులు చూపింది. ఆ మిగులులో ఒక పాలు విద్యాలయాల రూపం దాల్చింది. కాకినాడలో పిఠాపురం రాజావారి విద్యాలయం 1884లో కళాశాల అయినది. భీమవరం, ఏలూరు కళాశాలలు రెండూ 1945లో, నర్సాపురం కళాశాల 1949లో, అమలాపురం కళాశాల 1951లో పుట్టినవి. విశాఖపట్టణంలో 1946లో ఆరంభమైన ఇంజనీరింగు కళాశాల అచిరకాలంలోనే కాకినాడకు తరలివచ్చింది. 1958లో అక్కడనే రంగరాయ వైద్య కళాశాల వెలసింది. 2006లో రాజమహేంద్రవరానికి ఆదికవి నన్నయ పేరిట విశ్వవిద్యాలయమే వచ్చింది. డిగ్రీ కొరకు రైలెక్కి మద్రాసు పోవలసిన తాతల కాలానికీ, ఊరి మొగలోనే కళాశాల బస్సు ఆగే మనుమల కాలానికీ ఎంత వ్యత్యాసం!

ఐతే ఈ బేరంలో పాల్గొనడానికి పొలం పట్టా ఉన్నవారు కొందరే. అమ్మడానికి సెంటు భూమి లేని కూలి, కౌలుదారు, పాలేరు ఇండ్లలో కళాశాల పట్టాయే మొదటి పట్టా. ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో రఘుపతి వేంకటరత్నం నాయుడు గారొకరు. కాకినాడ కళాశాలకు అధ్యక్షులుగా ఉన్న కాలంలో ఆయన పిఠాపురం మహారాజావారి ధనసహాయంతో, అంటరానివారని సమాజం దూరం చేసిన బాలురకు వసతి, చదువు కల్పించారు. బాలికలను కళాశాలకు రప్పించారు. కోనసీమలోని మామిడికుదురులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న గారు తమ 'పాలేరు' నాటకంలో, పాలేరు చదువుకొని ఉన్నతోద్యోగి కావడాన్నే కథగా మలచారు. ఆ నాటకం చూచిన కూలివాని కంటికి చదువు అలంకారంగా కనిపించలేదు; విముక్తి మార్గంగా కనిపించింది. 2008 ప్రాంతం నుండి అర్హులైన విద్యార్థుల బోధనరుసుమును ప్రభుత్వమే భరించే విధానం విస్తరించగా, అటువంటి ఇండ్ల పిల్లలు వేల సంఖ్యలో వృత్తివిద్యా కళాశాలల మెట్లెక్కగలిగారు.

ఇక లాభనష్టాల మాట. విద్యను ఖర్చుగా కాక పెట్టుబడిగా చూడవలెనని 1960లో అమెరికా ఆర్థికవేత్తల సంఘానికి అధ్యక్షోపన్యాసం చేస్తూ థియొడోర్ షుల్జ్ వాదించారు. ఆయన స్వయంగా వ్యవసాయార్థిక శాస్త్రజ్ఞుడు కావడం గమనింపదగినది; నేలకు ఎరువు వలెనే మనిషికి చదువు అని గ్రహించడానికి రైతును ఎరిగినవాడే కావలసి వచ్చింది. గేరీ బెకర్ 1964లో ఆ వాదాన్ని శాస్త్రంగా విస్తరించారు. ఇద్దరికీ తరువాత నోబెల్ బహుమానాలు లభించినవి. 139 దేశాల లెక్కలను సమీక్షించి సకరోపులోస్, పాట్రినోస్ అనే పండితులు 2018లో తేల్చినదేమంటే, చదివిన ఒక్కొక్క అదనపు సంవత్సరం మనిషి సంపాదనను సగటున నూటికి తొమ్మిది వంతున పెంచుతున్నది. ఏ పొలం ఇంత శిస్తు ఇస్తుంది?

కాని సగటు అనేది గోదావరి సగటు లోతు వంటిది. దానిని నమ్మి దిగినవాడు ఒకచోట మోకాలి లోతులో నడుస్తాడు, మరొకచోట మునుగుతాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ప్రకటించిన భారత ఉపాధి నివేదికను చూడగా, 2022లో దేశంలోని యువకులలో చదవను వ్రాయను రానివారిలో నిరుద్యోగులు నూటికి 3.4 మంది కాగా, పట్టభద్రులలో 29.1 మంది! ఈ అంకెలు చూచి చదువే దండుగ అనుకొనేవారు తొందరపడుతున్నారు. రెక్కాడితే గాని డొక్కాడనివానికి నిరుద్యోగిగా ఉండే స్తోమతు సైతం లేదు. ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు. పట్టభద్రుడు తగిన ఉద్యోగం కొరకు వేచి ఉంటాడు. అతడు వేచి ఉన్నంతకాలం ఇల్లు అతనిని పోషిస్తుంది. అంతమాత్రాన ఆ అంకెలోని బాధ అబద్ధం కాదు. పట్టాకూ పనికీ నడుమ రేవు దాటించే పడవ అందరికీ అందడం లేదని అది చాటుతున్నది.

దీనికి కారణాన్ని మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లోనే సూచించారు. ఉద్యోగమిచ్చేవానికి అభ్యర్థి లోపలి శక్తి కనిపించదు. పట్టా ఒక గుర్తుగా మాత్రం కనిపిస్తుంది. ఊరిలో ఒక్కడే బి.ఏ. ఉన్ననాడు ఆ గుర్తుకు విలువ ఎక్కువ. వీధికి నలుగురు ఇంజనీర్లు ఉన్ననాడు యజమాని గుర్తును దాటి ప్రశ్నిస్తాడు: "నీకేమి వచ్చును?" ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలవానికి పట్టా నేటికీ ఫలిస్తూనే ఉన్నది. చెప్పలేనివానికి అది గోడమీది పటమే. పరీక్షలు గట్టెక్కించడమే బోధన అనుకొనే విద్యాలయం విద్యార్థికి గుర్తును అమ్ముతున్నది గాని చదువును ఇవ్వడం లేదు.

ఊహకు ఒక లెక్క వేసి చూడవచ్చును. నాలుగేండ్ల చదువుకు ఏటికి లక్ష చొప్పున నాలుగు లక్షలు ఖర్చు అయినదనుకొందాం. ఆ నాలుగేండ్లూ పనికి పోయి ఉంటే నెలకు పన్నెండు వేలు వచ్చేదనుకొంటే, పోగొట్టుకొన్న సంపాదన అయిదు లక్షల డెబ్బదియారు వేలు. తండ్రులు మొదటి అంకెను వేస్తారు, రెండవదానిని మరచిపోతారు. చదువు వలన నెలకు పదివేలు అదనంగా వస్తే, రెండు అంకెలూ తీరడానికి ఎనిమిదేండ్లకు పైగా పడుతుంది. ఆపై ముప్పది యేండ్ల ఉద్యోగజీవితం మిగిలే ఉంటుంది గనుక ఇది మంచి బేరమే.

ఐతే ఆ నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవైతే? ఏటేటా చదువు మొదట ఒక్కొక్క లక్ష తెచ్చినా, చదువు ముగిసేనాటికి వడ్డీయే రెండు లక్షల నలుబది వేలు అవుతుంది. ఆ తరువాత అసలు మీద నెలనెలా ఎనిమిది వేలు. అదనంగా వచ్చిన పదివేలలో కుటుంబానికి మిగిలేది రెండు వేలు! చదువు ఫలించలేదని ఆ తండ్రి వాపోతాడు. నిజానికి చదువు ఫలించింది. పంటను వడ్డీ మేసింది. బ్యాంకుల విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు అడుగరాదన్న సంగతీ, చదువు ముగిసి ఒక సంవత్సరం గడిచిన తరువాతనే వాయిదాలు మొదలవుతాయన్న సంగతీ తెలియక ఎందరు వడ్డీవ్యాపారుల గడప తొక్కుతున్నారో! తరగతిగదిలో చక్రవడ్డీ లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడు ఈ ఒక్క లెక్కను నల్లబల్ల మీద వేసి చూపితే, కొన్ని ఎకరాలు దక్కుతవి.

ఈ ఆదాయవ్యయ పట్టికలో మరొక పద్దు కూడా ఉన్నది. దానిని పైకి చదివేవారు అరుదు. కుమారుని చదువుకైన ఖర్చును అతని ఉద్యోగం నుండి కాక, వచ్చే కోడలి తండ్రి నుండి రాబట్టుకొనే ఆచారమది. 1961లోనే చట్టం వరకట్నాన్ని నిషేధించింది. అయినను పెండ్లిచూపులలో వరుని పట్టాకు ధర కట్టడం నేటికీ వినవస్తూనే ఉన్నది. ఒక ఇంటి కళాశాల పట్టాకు మరొక ఇంటి పొలం పట్టా బదులు చెల్లిస్తున్నది. దీనిని విద్య వలన కలిగిన ఆర్థికలాభంగా లెక్కించేవాడు సంపదను సృష్టించలేదు. ఒక గృహం నుండి మరొక గృహానికి మార్చాడు, అంతే. కట్నం కొరకు దాచిన సొమ్ముతో ఆడపిల్లను చదివించిన తండ్రి మాత్రం ఎవరూ తీసికొనలేని ఆస్తిని ఆమె పేర వ్రాసినవాడవుతున్నాడు.

సొమ్ముకు మించిన లాభాన్ని ఎరుగవలెనంటే దుర్గాబాయి దేశముఖ్ గారి జీవితం చూడవచ్చును. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఆమెకు ఎనిమిదవ యేట వివాహం జరిగింది. పెద్దదయిన తరువాత ఆ వివాహబంధాన్ని కాదని, ఆమె స్వాతంత్ర్యోద్యమంలో దిగి కారాగారాలకు పోయింది. చాలా ఆలస్యంగా చదువు అందుకొన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్నది. 1958లో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి ఆమెయే అధ్యక్షురాలు. ఆమె చదువు ఆమెకు జీతం మాత్రమే తెచ్చి ఉంటే ఆమె కథ ఆ ఇంటితోనే ముగిసేది. తన బ్రతుకును గురించి తానే నిర్ణయించుకొనే శక్తిని అది తెచ్చింది.

జీతం పోయినా చదువు నిలిచిన ఉదాహరణ కూడా రాజమహేంద్రవరంలోనే దొరుకుతుంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు విని, వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు పోయిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారొకరు. ఎం.ఏ. చదివిన ఆయనను కళాశాల నుండి బహిష్కరించారు. ప్రభుత్వోద్యోగానికి తలుపులు మూసివేశారు. అనగా ఆయన పట్టా వెల ఆనాటి సంతలో సున్న అయినది. ఆ సున్న నుండే ఆయన పత్రికా రచయితయై, గ్రంథాలయోద్యమానికీ వయోజనవిద్యకూ నాయకుడై, అక్షరం రానివారి వద్దకు అక్షరాన్ని మోసికొనిపోయారు.

చదివినవాని లాభం, అతని కుటుంబపు లాభం చెప్పుకొన్న తరువాత మూడవ లాభం మిగులుతుంది. అది చదివించిన సమాజానిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యవిద్య ముగించిన తరువాత ఆయన అమెరికా పోవడానికి మామగారి సహాయంతోపాటు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం తోడయింది. బర్మా వ్యాపారంలో గడించిన సొమ్మును నాయకర్ గారు ధర్మానికి వ్రాసిపోయారు. సుబ్బారావు గారు 1948లో అమెరికాలోనే మరణించారు. తిరిగి స్వదేశానికి రాలేదు. పైకి చూస్తే ధర్మసంస్థ సొమ్ము సముద్రంలో కలిసినట్లే. కాని ఆయన పర్యవేక్షణలో జరిగిన పరిశోధనల నుండియే 1947లో బోదకాలు వ్యాధికి మందు వెలువడింది. తరతరాలుగా డెల్టా పల్లెలను పీడించిన బోదకాలుకు ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మ్రింగించిన మాత్ర అదే! దాత చూడలేదు, విద్యార్థి తిరిగి రాలేదు, ఫలం మాత్రం ఇంటికి వచ్చింది. ఏ వడ్డీ లెక్కకు ఇది అందుతుంది?

కనుక తండ్రి వచ్చి అడిగిననాడు ఉపాధ్యాయుడు "చదివించు" అని గాని, "మాన్పించు" అని గాని ఒక్కమాటలో చెప్పరాదు. పిల్లవాడు ఏమి నేర్వదలచినాడు? ఆ కళాశాలలో దానిని నిజంగా నేర్పుతున్నారా? చదువు నడుమ విడువకుండా ముగించగలడా? సొమ్ము ఎక్కడి నుండి, ఏ వడ్డీకి వస్తున్నది? ఆ ఇంటి ఆడపిల్లకు ఇదే అవకాశం ఉన్నదా? ఈ అయిదు ప్రశ్నలకు నిజాయితీగా సమాధానం వస్తే, బేరం దానంతట అదే తేలుతుంది. చేతిపని నేర్పే చదువైనా, శాస్త్రమైనా, సాహిత్యమైనా, నేర్చినది నిలిచిన చోట నష్టం అరుదు.

పొలం పట్టాకు ఒక గుణమున్నది: దానిని తాకట్టు పెట్టవచ్చును, అన్నదమ్ములు పంచుకొనవచ్చును, బిడ్డలకు వ్రాయవచ్చును. కళాశాల పట్టాకు ఈ మూడు గుణాలూ లేవు. దానిని పొందినవాడు స్వయంగా సాగు చేయకపోతే అది బీడే. సాగు చేసినవానికి మాత్రం ఆ పంటను వరద ముంచదు, జప్తు అంటదు, పంచినకొలదీ పెరుగుతుంది.